మూడో గీత

జనవరి 6

చెల్లీ,

రెండు నెలలుగా ఉత్తరం లేదని అలిగి ఉంటావు. నాకు బద్ధకం, నీకు తీరిక లేదు, కాబట్టి తప్పు చెరిసగం పంచుకుందాం. మీ వదిన పక్కనే నిలబడి తన మోకాలి నొప్పి సంగతి రాయమంటోంది. రాశాను. నొప్పి తగ్గలేదు, దాని గురించి చెప్పుకోవడం అసలే తగ్గలేదు.

ఫోన్ చేయొచ్చు కదా అని పోయినసారి దెప్పావు. ఇరవై ఏళ్ళు పంపుహౌసు హోరులో పనిచేసిన చెవులివి. మీ వదిన మధ్యలో నిలబడి నువ్వన్నదల్లా నాకు అరిచి చెబితే, మన ఇంటి గుట్టంతా వీధిలో వాళ్ళకు ముందు తెలుస్తుంది. నాకు కాగితమే నయం.

ఇక అసలు విషయం. మా నీళ్ళ పరీక్ష ల్యాబులో ఒక అమ్మాయి ఉందని ఇదివరకు రాశాను, గుర్తుందా? బ్యూరెట్ ముందు కూర్చుని పడే ప్రతి చుక్కనూ పైకి లెక్కపెడుతుంది. అందుకే అందరూ చుక్కలమ్మ అంటారు. సీసాలు కడిగే పనిలో చేరింది. సాయంత్రం కాలేజీలో డిగ్రీ చదివింది. ఇప్పుడు నా కుర్చీలో కూర్చోదగ్గ మనిషి ఊరు మొత్తం మీద ఆమె ఒక్కతే. ఆమె నువ్వు నడిపే పీజీ స్కాలర్‌షిప్‌కి అప్లికేషన్ పెట్టింది! నేను చెప్పలేదు, తనే వెతుక్కుంది. నువ్వు నా చెల్లెలివని తెలిశాక "అయితే పెట్టనా మాననా సార్" అని రెండు రోజులు మథనపడింది. ఆమె పై అధికారిగా సిఫార్సు ఫారం నేనే నింపాను.

ఆ ఫారంలో గళ్ళు చిన్నవి. అందులో పట్టనిది నీకు రాస్తున్నాను. రెండేళ్ళ కిందట తూర్పు లైనులో క్లోరిన్ పడిపోతోందని ఆమె ఎవర్నీ అడక్కుండా వాల్వు కట్టేసింది. సగం ఊరికి నీళ్ళు లేవు. ఇంజనీరు ఆమెను పదిమందిలో నిలబెట్టి తిట్టి మెమో ఇచ్చాడు. మర్నాడు తవ్వి చూస్తే మురుగు పైపు పగిలి పక్కనే ఉంది. మెమో మాత్రం వెనక్కి తీసుకోలేదు. నాయకత్వం నేర్పుతామని మీరు బోర్డు పెట్టుకున్నారు కదా, ఇంతకన్నా ఏం నేర్పుతారో నాకు తెలియదు.

ఏప్రిల్ నుంచి ల్యాబును కాంట్రాక్టుకి ఇస్తారట. పీజీ లేనివాళ్ళందరినీ బిల్లుల కౌంటరుకు పంపుతారట. పైగా మీరు ముప్పై అయిదు దాటితే తీసుకోరు, ఆమెకు ఆగస్టులో నిండుతాయి. ఇదొక్కటే దారి. నువ్వు కాస్త చూడు.

నీ అన్నయ్య


జనవరి 16

చెల్లీ,

నువ్వు జవాబు రాసేలోపే ఇంకో ఉత్తరం వచ్చిందని కంగారుపడకు, అందరం బాగానే ఉన్నాం. మొన్నటి దాంట్లో ఒక సంగతి మర్చిపోయాను. ఆ మెమో నకలు ఒకటి ఇందులో పెడుతున్నాను. చదువు. ఇంజనీరు తిట్టాననుకున్నాడు గానీ, చదివితే సన్మానపత్రంలా ఉంటుంది. "అనుమతి కోసం ఎదురుచూడకుండా సొంత నిర్ణయం తీసుకున్నందుకు" అట!

చుక్కలమ్మకు నేను నీకు రాస్తున్నట్టు తెలియదు. తెలిస్తే ఊరుకోదు, మొహమాటం ఎక్కువ. ఎవరి దగ్గరా ఏదీ ఊరికే తీసుకోదు. నేను టీ తెప్పిస్తే, మర్నాడు తను తెప్పిస్తుంది.

మీ వాళ్ళు అప్లికేషన్లు మొదలుపెట్టే ఉంటారు. ఆమె ఫైలు పైన పెట్టించు.

అన్నయ్య


జనవరి 18

అన్నయ్యా,

నీ ఆరో తారీఖు ఉత్తరం ఇవాళ పొద్దున ఆఫీసుకు వచ్చింది. నీ కొక్కిరిబిక్కిరి అక్షరాలు చూసి ఎంత సంబరపడ్డానో, చదివాక అంత తల పట్టుకున్నాను. ఎంత పని చేశావు!

జాగ్రత్తగా విను. మా దగ్గర ఒక రిజిస్టర్ ఉంది. ఎర్ర అట్ట పుస్తకం. ఏ అభ్యర్థి గురించి ఎవరు వచ్చి మాట చెప్పినా, ఫోన్ చేసినా, ఉత్తరం రాసినా, మంచిగా చెప్పినా చెడ్డగా చెప్పినా, ఆ అభ్యర్థి నంబరు ఎదురుగా ఒక గీత గీస్తాం. మూడు గీతలు పడితే అప్లికేషన్ చదవకుండా మూసేస్తాం. ఈ నియమం పెట్టింది ఎవరో కాదు, నేనే. నేను ఈ కుర్చీలోకి వచ్చిన ఏడాది ఒక పెద్దమనిషి తన తమ్ముడి కూతురి కోసం రోజుకు రెండుసార్లు ఫోన్లు చేయించాడు. చెవిలో జోరీగలా నెల రోజులు. ఆ కసితో రాశాను. "అభ్యర్థికి తెలియకుండా ఎవరైనా సిఫార్సు చేస్తే ఆమె తప్పేముంది" అని మా రిజిస్టరావిడ అప్పుడే అడిగింది. మంచి మాటే అడిగింది. నేను నవ్వేసి, "అలాంటి మూర్ఖులు ఎవరుంటారు" అన్నాను.

నీ ఉత్తరం పట్టుకెళ్ళి నేనే ఆవిడకు ఇచ్చాను. మొదటి గీత పడింది. నువ్వు నా అన్నవని కూడా రాయించాను. ఆమె ఫైలు ఇక నా బల్ల మీదకు రాదు, వేరే ఇద్దరు చదువుతారు. మంచిదే. నువ్వు నింపిన ఫారం వాళ్ళు చదువుతారు, అది చాలు.

దయచేసి ఆ అమ్మాయి గురించి ఇక ఒక్క ముక్క రాయకు. వదిన చేత ఫోన్ కూడా చేయించకు. ఏప్రిల్ పదిన ఫలితాలు ప్రకటిస్తాం. అప్పటిదాకా నోరు కట్టేసుకో.

ఇక్కడి సంగతులు. ఈ ఏడు వచ్చిన ఇరవై నలుగురిలో అయిదుగురు తమ దేశాల్లో పెద్ద పెద్ద పనులు చేసి వచ్చినవాళ్ళు. ప్రతి గురువారం అందర్నీ గుండ్రంగా కూర్చోబెడతాం. తాము తీసుకున్న ఒక తప్పు నిర్ణయం గురించి ఒక్కొక్కరు ఏడు నిమిషాలు చెప్పాలి. పోయినవారం ఒకాయన ఏడు నిమిషాలు చెప్పమంటే నలభై నిమిషాలు చెప్పాడు, అందులో తప్పు ఒక్కటీ లేదు. హాస్టల్లో మూడు రోజులుగా వేడినీళ్ళు రావట్లేదని వార్డెన్‌కి చెప్పే నాయకుడు మాత్రం ఇరవై నలుగురిలో ఒక్కడూ లేకపోయాడు. చివరికి వంటింట్లో గిన్నెలు తుడిచే ఆవిడ చెప్పింది.

వదిన మోకాలికి వేడి కాపడం పెట్టమను.

నీ చెల్లి


జనవరి 28

అన్నయ్యా,

నీ పదహారో తారీఖు ఉత్తరం వచ్చింది. మన ఉత్తరాలు దారిలో ఎదురెదురు పడి ఒకదాన్నొకటి చూసుకోకుండా వెళ్ళిపోయాయన్నమాట. నీ తప్పు కాదు. కానీ రెండో గీత పడింది.

మెమో నకలు చదవలేదు. కవరులోనే పెట్టి రిజిస్టరావిడకు ఇచ్చేశాను. ఆవిడ గీత గీస్తూ నా మొహం చూడలేదు. నేను కావాలంటే ఆ ఉత్తరం బ్యాగులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళగలిగేదాన్ని, ఎవరికీ తెలిసేది కాదు. ఒక్క నిమిషం అనిపించింది కూడా. అలా అనిపించినందుకే వెంటనే ఇచ్చేశాను.

ఇంకొక్క మాట వస్తే ఆమె పని అయిపోయినట్టే. ఎండ గురించి రాయి, వదిన గురించి రాయి. ఆ అమ్మాయి ఊసు వద్దు.

చెల్లి


ఫిబ్రవరి 9

గౌరవనీయులైన చెల్లెలుగారికి,

ఇక్కడ ఎండగా ఉంది. మీ వదిన మోకాలు అలాగే ఉంది. పక్కింటి వాళ్ళు గేటుకు రంగు వేయించారు, ఆకుపచ్చ. మా వీధిలో కుళాయి నీళ్ళు తేటగా వస్తున్నాయి. చూసేవాళ్ళు శ్రద్ధగా చూస్తున్నారు కాబట్టి వస్తున్నాయి. ఇంకేమీ విశేషాలు లేవు. ఉన్నా రాయకూడదు.

నీకు అక్షరాలు దిద్దించినవాణ్ణి నేను. నా ఉత్తరం దొంగసొత్తులా ఇంకొకరి చేతిలో పెట్టావు, పెట్టానని మళ్ళీ నాకే రాశావు. సరే. పెద్ద ఉద్యోగం. నేను ఆ ఫోన్లు చేయించిన పెద్దమనిషి లాంటివాణ్ణని ఇన్నాళ్ళూ నాకు తెలియదు.

ఇట్లు, మూర్ఖుడు


ఫిబ్రవరి 21

అన్నయ్యా,

ఆ మూర్ఖుడు అన్న మాట నిన్ను అనలేదు. నాలుగేళ్ళ కిందట గాలికి అన్నాను, అది తిరిగి తిరిగి మన ఇంటి మీదే పడింది. నీకు అలా గుచ్చుకుంటుందని రాసేటప్పుడు తోచలేదు. క్షమించు.

కానీ నువ్వు చేసింది కూడా తక్కువ కాదు. "చూసేవాళ్ళు శ్రద్ధగా చూస్తున్నారు" అని ఎందుకు రాశావు? వెటకారానికి రాశావని నాకు తెలుసు. ఉత్తరం పట్టుకుని రిజిస్టరావిడ దగ్గరికి వెళ్ళి, ఇది గీతా కాదా అని అడిగాను. ఆవిడ మూడుసార్లు చదివింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఇందులో అభ్యర్థి ఎవరూ లేరు, కుళాయి ఉంది" అంది. ఆవిడకు ఇంకో రకంగా తోచి ఉంటే ఆ అమ్మాయి ఆ పూటే పోయేది, నీ అలక మూలంగా.

నేను మారిపోయానంటున్నావు. నేను ఎలా ఉన్నానో కాస్త చెప్పనీ. ఇక్కడ చదువుతున్న కుర్రాడొకడి తాతగారు పోయారు. పెంచిన తాత. వెళ్తే వీసా నియమం ప్రకారం మళ్ళీ రావడానికి నాలుగు నెలలు పడుతుంది, చదువు పోతుంది. వెళ్ళనా అని నన్నడిగాడు. నేనేం చెప్పను? నియమం చదివి వినిపించాను. వాడు తల ఊపి, వెళ్ళకుండా, గురువారం అందరితోపాటు గుండ్రంగా కూర్చున్నాడు. ఏడు నిమిషాలూ ఏమీ మాట్లాడలేదు, ఎవరూ వాణ్ణి ఆపలేదు. లోకం మార్చే మనుషుల్ని తయారుచేస్తామని మా గోడ మీద రాసి ఉంది. దాని కింద కూర్చుని నేను రోజంతా కుదరదు, వీల్లేదు, క్షమించండి అని రాస్తుంటాను.

ఏప్రిల్ పది దాకా అసలు ఉత్తరమే రాయకపోతే ఇద్దరికీ మంచిది. నీ మీద ప్రేమ లేక కాదు. నీ ఉత్తరం వస్తే తెరవాలంటే భయంగా ఉంది.

నీ చెల్లి


మార్చి 12

చెల్లీ,

రాయొద్దన్నావు. మూడు రోజులు ఆలోచించి రాస్తున్నాను. అలక పోయింది, దాని సంగతి వదిలేయ్. ఇది పూర్తిగా చదువు.

ఒకటో తారీఖున ల్యాబును కాంట్రాక్టు వాళ్ళు తీసేసుకున్నారు. ముందు చెప్పింది నెల తర్వాతని, తీసుకుంది రాత్రికి రాత్రి. తాళాలు మారిపోయాయి, ఫోన్ తీసేశారు, ఆఫీసు మెయిళ్ళన్నీ మూసేశారు. చుక్కలమ్మ అప్లికేషన్‌లో ఇచ్చింది ఆ మెయిలు, ఆ ఫోనే. తన సొంత ఫోన్ ఇస్తే పని మధ్యలో మోగుతుందని ల్యాబు నంబరు ఇచ్చిందట. అలాంటి మనిషి.

కొత్త మెయిలు నుంచి మీ ఆఫీసుకు రాసింది. "మీరు నమోదు చేసుకున్న చిరునామా నుంచే రాయండి" అని యంత్రం జవాబిచ్చింది. చిరునామా మార్చుకోవాలంటే మీ వెబ్‌సైటు లోపలికి వెళ్ళాలి. లోపలికి వెళ్ళాలంటే పాత మెయిలుకి అంకెలు పంపుతుంది. ఆ మెయిలే లేదు. మీ నంబరుకు ఫోన్ చేసింది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి, తర్వాత పాట, తర్వాత కట్. ఆరుసార్లు.

నిన్న ఆమె ఒక ఉత్తరం రాసి పట్టుకొచ్చింది, మీ ఆఫీసు పేరున. నేనే వద్దన్నాను. అది మీ పెద్ద సంచిలో పడి ఎవరి చేతికి ఎప్పుడొస్తుందో. నాది అయితే నేరుగా నీ చేతికే వస్తుంది. వెళ్ళి పని చూసుకో, నేను చూసుకుంటానన్నాను. పని అంటే ఇప్పుడు బిల్లుల కౌంటరు.

నేను ఆమె గురించి మంచీ చెడూ ఏమీ చెప్పడం లేదు. ఇది సిఫార్సు కాదు, చిరునామా. ఆమె చేత్తో రాసిన చీటీ లోపల పెట్టాను. ఆ చీటీ ఎవరికివ్వాలో వాళ్ళకిచ్చేయ్. గీత పడే మాట ఉందేమోనని మీ వదిన చేత రెండుసార్లు చదివించాను, లేదంది. ఫోన్ చేద్దామని తనంది గానీ నువ్వు వద్దన్నావు కదా, అందుకే రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను.

నీ అన్నయ్య


మార్చి 24

అన్నయ్యా,

నీ రిజిస్టర్ పోస్టు నిన్న అందింది. సంతకం పెట్టి తీసుకున్నాను.

తెరవలేదు.

నవ్వుకో. లావుగా ఉంది, లోపల ఇంకో కాగితమేదో పెట్టావు. నాకు తెలుసు నీ సంగతి. కోపం పోయి ఉంటుంది, పోయాక నీకు ఆగదు. నేను ఎన్ని రాసినా ఆ అమ్మాయికి అన్యాయం జరుగుతుందేమోనని నీ భయం నీది. తెరిస్తే నాకు తెలుస్తుంది, తెలిస్తే చెప్పాలి, చెబితే మూడో గీత. తెరవకపోతే అది కవరు మాత్రమే. రిజిస్టరావిడను అడిగితే, తెరవని ఉత్తరానికి గీత ఉండదని ఒప్పుకుంది. బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. ఏప్రిల్ పదిన తెరిచి, నువ్వు తిట్టిన తిట్లన్నీ వరసగా చదువుకుంటాను.

మొన్న ఇరవై రెండున ఎంపికైనవాళ్ళకు మెయిళ్ళు వెళ్ళాయి. ఏప్రిల్ నాలుగో తారీఖు సాయంత్రం అయిదింటిలోగా వాళ్ళు ఒప్పుకుంటున్నామని జవాబు పంపాలి. లేదంటే వెయిటింగ్ లిస్టులో వాళ్ళకు ఇస్తాం. చివరి జాబితా మీద సంతకం నాదే కాబట్టి పేర్లు చూశాను. నీకేమీ చెప్పను, చెప్పకూడదు. నిన్న నేను మెట్లు దిగుతూ కూనిరాగం తీస్తున్నానని వార్డెన్ ఎగతాళి చేసింది, అంతవరకు చెబుతాను.

ఈ మూడు నెలల్లో నిన్ను చాలా నొప్పించాను. త్వరలో అంతా తేలిపోతుంది. అప్పుడు నువ్వే అంటావు, చెల్లి గట్టిదని.

నీ చెల్లి


ఏప్రిల్ 6

అన్నయ్యా,

నిన్న వదిన ఫోన్ చేసినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావని తెలుసు. నా ఉత్తరం అప్పుడే అందిందని, దాన్ని చేతిలో పట్టుకుని నువ్వు గోడకు ఆనుకుని కూర్చున్నావని చెప్పింది. "అమ్మాయ్, ముందు ఆ కవరు చింపు" అంది. ఇక్కడ సెలవు రోజు. ఆఫీసుకు పరిగెత్తాను. సొరుగు తాళం తీశాను. వదిన ఫోన్‌లో ఉండగానే చదివాను. ఆ తర్వాత ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎంపికైన ఇరవై నలుగురిలో ఒకరు జవాబివ్వలేదని ఒకటో తారీఖున రిజిస్టరావిడ చెప్పింది. ఎవరని నేను అడక్కూడదు. అడగలేదు, కానీ ఆవిడ మొహం చూస్తే తెలిసింది. గుర్తుచేస్తూ మూడు మెయిళ్ళు పంపారట, ఫోన్ చేస్తే మోగడం లేదట. ఆ అమ్మాయి జాగ్రత్త గలది, అన్నయ్య పక్కనున్నాడు, పంపుతుందిలే అనుకున్నాను. మూడో తారీఖున ఆగలేక మీ నంబరు సగం నొక్కాను. అభ్యర్థి తరఫు వాళ్ళకు మేమే ఫోన్ చేయడం అన్నిటికన్నా పెద్ద తప్పని నేనే రాసిన వాక్యం గుర్తొచ్చి పెట్టేశాను. నాలుగున అయిదింటిదాకా ఆఫీసులోనే కూర్చున్నాను. ఆ సొరుగు నా మోకాలికి తగులుతూనే ఉంది అన్నయ్యా. అందులో ఆమె ఫోన్ నంబరు ఉంది.

అయిదూ పదికి సీటు వెయిటింగ్ లిస్టులో మొదటి మనిషికి వెళ్ళింది. ఒక నర్సు. గంటలో ఒప్పుకుంది. ఫోన్‌లో ఏడ్చిందట సంతోషంతో. ఆమె దగ్గర్నుంచి వెనక్కి లాక్కోలేను.

ఇవాళ పొద్దున మా కమిటీ పెద్దాయన దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఇరవై అయిదో సీటు అడిగాను. యూనివర్సిటీలో చోటు లేదన్నారు. వచ్చే ఏటికి వయసు సడలించమన్నాను. అది దాత వీలునామాలో ఉన్న మాట, ఎవరూ మార్చలేరన్నారు. రాజీనామా చేస్తానన్నాను. దేనికి అన్నారు. చిరునామా మార్పుకి గీత పడదు, అది వేరే పేజీ. తెరిచి ఆ చీటీ రిజిస్టరావిడకు ఇస్తే సరిపోయేది, అర నిమిషం పని అన్నాను. ఆయన అదంతా విని, "అన్నగారి ఉత్తరం కూడా తెరవలేదంటే ఎంత నిజాయితీ! దీన్ని మన పిల్లలకు ఆదర్శంగా చెప్పాలి, ఈ గురువారం మీరే చెప్పండి" అన్నారు. నేను గురువారం వెళ్ళను. తలనొప్పి అని చెప్పిస్తాను.

ఒక సంగతి నీకు చెప్పాలి. ఇది చెప్పడం కూడా నియమానికి విరుద్ధమే. పదకొండు వందల నలభై మందిలో ఆమెది మొదటి పేరు. చదివిన ఇద్దరూ, అప్లికేషన్‌లో ఆమె తనే రాసుకున్న ఆ వాల్వు కథ దగ్గర ఒకే మాట రాశారు, ఈమెను వదులుకోకూడదని.

ఎంపిక కాలేదని ఆమె అనుకుంటూ ఉంటుంది. నిజం చెబితే ఇంకా బాధ. చెప్పకపోతే తనకు అర్హత లేదనుకుని బతుకుతుంది. ఏది మంచిదో నాకు తెలియడం లేదు. మనుషులకు నిర్ణయాలు తీసుకోవడం నేర్పే ఉద్యోగం చేస్తూ, ఇది నీ మీద వదిలేస్తున్నాను. నా మీద కోపం ఉంటే ఉందని రాయి.

చెల్లి


ఏప్రిల్ 19

చెల్లీ,

కోపం ఉంది. నీ మీద ఉంది, నా మీద అంతకు రెట్టింపు ఉంది. నువ్వు తెరవకపోవడం ఒక ఎత్తు. ఆమె తన ఉత్తరం తనే రాసుకుని, స్టాంపు అతికించి తెస్తే, పోస్టు చేయొద్దన్నవాణ్ణి నేను. అది వెళ్ళి ఉంటే మీ రిజిస్టరావిడ చేతిలో పడేది. నా మనిషి అక్కడుందన్న గర్వంతో వద్దన్నాను. నువ్వు రాజీనామా చేయకు. చేస్తే ఆమెకు ఒరిగేదేమీ లేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజే బిల్లుల ఆఫీసుకు వెళ్ళాను. లోపలికి రానివ్వరు, వరసలో నిలబడాలి. నా ముందు పదముగ్గురు. ఆమె అద్దం వెనక కూర్చుని ఉంది. చెప్పనా మాననా అని ఆ వరస పొడుగునా కొట్టుకున్నాను. మనకు తెలిసింది ఆమెకు తెలియకుండా దాచడానికి మనమెవరం అనిపించింది. నా వంతు వచ్చాక అద్దంలో ఉన్న చిల్లు దగ్గర నోరు పెట్టి చెప్పాను. నా చెవుల సంగతి తెలుసు కదా, ఎంత గట్టిగా చెప్పానో. హాల్లో అందరూ తిరిగి చూశారు. ఉత్తరం సంగతి చెప్పాను. సొరుగు సంగతి చెప్పాను. నేను ఆపిన సంగతి కూడా చెప్పాను.

ఆమె అంతా విని, "ఎన్నో పేరు సార్?" అని కాగితం మీద రాసి చూపించింది. మొదటిదన్నాను. "మీ వెనక వాళ్ళు నిలబడ్డారు" అని వేలితో చూపించింది. పక్కకు జరిగాను. వెనకాయన బిల్లు తీసుకుంది, ముద్ర కొట్టింది, ఇచ్చింది. తర్వాతి మనిషిది తీసుకుంది. నేను గోడ పక్కన నిలబడి చూశాను. తర్వాత బెంచీ మీద కూర్చున్నాను.

భోజనాల వేళకు బయటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. కాంట్రాక్టు వాళ్ళు తూర్పు లైను నీళ్ళు వారానికి ఒక్కసారే చూస్తున్నారట, ఎవరికైనా చెప్పండి సార్ అంది. చెబుతానన్నాను. ఎవరికి చెప్పాలో నాకు తెలియదు. కాంట్రాక్టు వాళ్ళు వచ్చాక ఆ ల్యాబులో నేనిప్పుడు ఎవర్నీ కాను.

వెళ్ళబోతూ ఆగింది. నాకు బాగా వినపడాలని దగ్గరికి వచ్చి చెప్పింది. "మీ చెల్లెలుగారికి ఉత్తరం రాసేటప్పుడు, ఇకమీదట నా గురించి ఏమీ రాయకండి సార్. మంచైనా వద్దు."

సరేనన్నాను. ఈ ఒక్కసారికి మాట తప్పాను, ఇక తప్పను.

అన్నయ్య